అడవిలో జీపు దారి మూసేశారు, పిటిషన్ మీద సంతకం పెట్టాలా?

ముందు మీ ప్రశ్న నాకెలా అర్థమైందో చెప్తాను. మీరు కాలిఫోర్నియాలో ఫోల్సంలో ఉంటున్నారు, ఈ మధ్యే రాంగ్లర్ జీపు కొన్నారు. పాత వీడియోల్లో చూసిన ఒక దారి వెతుక్కుంటూ ఎల్డొరాడో నేషనల్ ఫారెస్ట్‌కి వెళ్తే గేటుకి తాళం వేసి ఉంది. జీపు గ్రూపులో "మన దారులన్నీ మూసేస్తున్నారు, సంతకం పెట్టండి" అంటున్నారు. ఆఫీసులో ట్రెక్కింగ్‌కి వెళ్లే ఆవిడేమో "అసలు అడవిలో బండ్లకేం పని" అంటున్నారు. ఎవరి మాట నిజం, సంతకం పెట్టాలా వద్దా అన్నది మీ సందేహం.

పెట్టండి, పోయేదేం లేదు. వచ్చేది కూడా దాదాపు ఏమీ లేదు. ఎందుకో చెప్తాను, కాస్త ఓపిక పట్టాలి. నేను శాక్రమెంటో దగ్గర పదిహేడేళ్లుగా ఉంటున్నాను. డర్ట్ బైకుతో మొదలుపెట్టి ఇప్పుడు పాత టొయోటా పికప్ దాకా వచ్చాను. ఏడాదికి రెండు మూడు శనాదివారాలు పార, గడ్డపార వేసుకుని దారి పనికి వెళ్తాను. ఒకసారి జరిమానా కూడా కట్టాను, ఆ సంగతీ దాచను.

మొదట ఆ గేటు సంగతి తేల్చుకోండి. గేటు వేసి ఉందంటే దారి శాశ్వతంగా పోయిందని కాదు. ఎల్డొరాడోలో మట్టి దారులకు మామూలుగా జనవరి 1 నుంచి మార్చి 31 దాకా సీజన్ మూసివేత ఉంటుంది. తడి నేల మీద బండ్లు వెళ్తే చాళ్లు పడతాయని ఆ ఏర్పాటు. వానలు, మంచు తగ్గకపోతే దాన్ని పొడిగిస్తారు కూడా. అది కాకపోతే అగ్నిప్రమాదం తర్వాత ఇచ్చిన తాత్కాలిక ఉత్తర్వు కావచ్చు. 2021 ఆగస్టులో కాల్డర్ మంటలు రెండు లక్షల ఇరవై వేల ఎకరాలకు పైగా తినేశాక ఎంతకాలం ఎక్కడెక్కడికి పోనివ్వలేదో ఇక్కడివాళ్లందరికీ గుర్తే. ఈ రెండూ కాకుండా, విచారణ జరిపి, కాగితాలు రాసి, మ్యాపులోంచి తీసేసిన దారి అయితేనే మీ గ్రూపువాళ్లు అంటున్న "మూసివేత". మూడింటినీ ఒకే గాటన కట్టి గగ్గోలు పెట్టడం వల్లే ఫారెస్టు ఆఫీసులో మన మాటకు విలువ తగ్గుతోంది.

ఇంకో చిన్న విషయం. మనవాళ్లలో చాలామందికి అడవి అంటే నల్లమల గుర్తొస్తుంది. హైదరాబాద్ నుంచి శ్రీశైలం వెళ్తుంటే రాత్రి తొమ్మిదికి మన్ననూరు చెక్‌పోస్టు దగ్గర గేటు పడిపోతుంది, పొద్దున ఆరుదాకా కదలనివ్వరు. ఆ అలవాటుతో ఇక్కడ కూడా అడవిలో బండి తిప్పడమే నేరమేమో అనుకుంటాం. ఇక్కడ అలా కాదు. నేషనల్ ఫారెస్టులు వ్యవసాయ శాఖలోని ఫారెస్ట్ సర్వీస్ కింద ఉంటాయి. కలప, పశువుల మేత, నీళ్లు, వన్యప్రాణులు, వినోదం అన్నింటికీ చోటివ్వాలని 1960 నాటి చట్టమే చెప్తుంది. యోసెమిటీ లాంటి నేషనల్ పార్కులు వేరే శాఖవి, లెక్క వేరు. యూటా మోయాబ్ చుట్టుపక్కల ఎక్కువభాగం ఇంకో సంస్థది. గ్రూపులో తిరిగే పోస్టుల్లో సగం మోయాబ్‌వే, ఎల్డొరాడోకి వాటితో సంబంధం లేదు.

ఇప్పుడు అసలు గొడవ. నేను పుట్టింది గోదావరి జిల్లాలో. మా ఊళ్లో పొలాలకు వెళ్లే పుంత ఉండేది. వానాకాలంలో పుంత మధ్య గుంట పడి నీళ్లు నిలిచేవి. మొదటి బండివాడు గుంట తప్పించడానికి కాస్త పక్కకు, గట్టు మీదుగా తోలేవాడు. రెండోవాడు వాడి జాడ పట్టుకునేవాడు. పంట చేతికొచ్చేసరికి పుంత రెండింతలయ్యేది, ఎవరి చేనుగట్టో పోయేది, పంచాయతీ అయ్యేది. "నేనొక్కణ్నే తోలానా" అని ప్రతివాడూ అనేవాడే, తిలాపాపం తలా పిడికెడు. అమెరికా అడవిలో యాభై ఏళ్లుగా జరుగుతున్న తగాదా అచ్చం ఇదే. కాకపోతే ఎడ్లబండి బదులు ముప్పై అయిదు అంగుళాల టైర్లు.

చాలా ఏళ్లు చాలా ఫారెస్టుల్లో పద్ధతి ఏమిటంటే, "మూసినట్టు బోర్డు లేకపోతే తెరిచినట్టే". జనం తక్కువగా ఉన్నంతకాలం అది నడిచింది. 1972లో అధ్యక్షుడు నిక్సన్ కార్యనిర్వాహక ఉత్తర్వు 11644 ఇచ్చాడు. బండ్ల దారులు గుర్తించేటప్పుడు మట్టికి, నీటికి, చెట్టుచేమలకు జరిగే నష్టం, జంతువులను బెదరగొట్టడం, ఇతర సందర్శకులతో తగాదాలు, వీటన్నింటినీ వీలైనంత తగ్గించేలా గుర్తించాలన్నది దాని సారం. 1977లో కార్టర్ దానికి పదును పెట్టి, గట్టి నష్టం కనిపిస్తే వెంటనే మూసేయాలన్నాడు. కాగితం మీద బాగానే ఉంది. నేల మీద మాత్రం పెద్దగా కదలలేదు. ఈలోగా ఇలా రోడ్డు దిగి బండ్లు నడిపేవాళ్లు దేశంలో 1972లో సుమారు 50 లక్షల మంది ఉన్నవాళ్లు 2000 నాటికి 3 కోట్ల 60 లక్షలయ్యారని ఫారెస్ట్ సర్వీసే చెప్పింది. అప్పటి ఫారెస్ట్ సర్వీస్ అధిపతి డేల్ బాస్వర్త్ అడవులకు నాలుగు ముప్పులు ఉన్నాయంటూ మంటలు, పరాయి జాతుల మొక్కలు, ఖాళీ నేలలు తరిగిపోవడంతోపాటు అదుపులేని వినోదాన్ని కూడా ఆ జాబితాలో చేర్చాడు.

దాని ఫలితం 2005 నవంబరు నాటి ట్రావెల్ మేనేజ్‌మెంట్ రూల్. ఒక్క దెబ్బతో లెక్క తిరగబడింది. ఇప్పుడు మ్యాపులో ఉంటేనే తెరిచినట్టు. ప్రతి ఫారెస్టూ ఏ రోడ్డు, ఏ ట్రైల్, ఏ రకం బండికి, ఏ నెలల్లో అని గీసి మోటార్ వెహికల్ యూజ్ మ్యాప్ విడుదల చేయాలి. తెలుపు నలుపుల్లో ఉంటుంది. కొండ ఎక్కడో లోయ ఎక్కడో తెలియదు, చూడ్డానికి పాత టెలిఫోన్ డైరెక్టరీ పేజీలా ఉంటుంది. కానీ చట్టం అదే. నేల మీద స్పష్టంగా చక్రాల జాడ ఉన్నా, బోర్డు లేకపోయినా, గేటు లేకపోయినా, మ్యాపులో గీత లేదంటే వెళ్లకూడదు. చూసుకోవాల్సిన బాధ్యత డ్రైవర్‌దే. గరిష్ఠ శిక్ష 5,000 డాలర్లు, ఆరు నెలల జైలు.

నా జరిమానా ఇక్కడే తగిలింది. ఏ ఫారెస్టో చెప్పను. అయిదారేళ్ల కిందట, జూన్ మొదట్లో, ముందు వెళ్లిన జాడ పట్టుకుని ఒక మెడోలోకి దిగాను. మెడో అంటే కొండల మధ్య చిత్తడి పచ్చికబయలు, పైకి మన ఊరి మాగాణిలా ఉంటుంది. పై పొర గట్టిగానే అనిపించింది. పది గజాలు వెళ్లేసరికి ముందు చక్రాలు కుంగాయి. యాక్సిలరేటర్ తొక్కాను, అదే బుద్ధి తక్కువ పని. ఇరుసు దాకా దిగిపోయింది. వించి (బండికుండే తాడు చుట్టే యంత్రం) వేసి లాగించుకుని బయటపడేసరికి వెనక రెండు చాళ్లు, ఒక్కోటి మోకాలి లోతు, అందులోకి నీళ్లు ఊరుతున్నాయి. రేంజర్ వచ్చింది, కేకలేమీ వేయలేదు. ఆ చాళ్ల దగ్గర కూర్చుని, "ఈ నీళ్లు ఎటు పోతున్నాయో చూడు" అంది. అంతకుముందు పచ్చిక అంతా పరుచుకుని మెల్లగా ఇంకే నీళ్లు, ఇప్పుడు నా చాళ్లు పట్టుకుని నేరుగా వాగులోకి కాలువ కట్టాయి. బోదె తీసి మడి నీళ్లు ఖాళీ చేసినట్టే. నాలుగేళ్లు పోతే పచ్చిక ఎండి అక్కడ పొడినేలలో పెరిగే సేజ్ పొదలు మొలుస్తాయని చెప్పింది. రెండు వందల చిల్లర డాలర్లు కట్టాను. మరుసటి వేసవి వెళ్లి చూశాను, చాళ్లు అలాగే ఉన్నాయి. నా జాడ పట్టుకుని ఇంకో ఇద్దరు దిగినట్టున్నారు కూడా.

కాబట్టి మీ ఆఫీసు ఆవిడ మాటలో నిజం లేదనను. మెడోల విషయంలో నూటికి నూరుపాళ్లు ఆవిడే రైటు. ఎల్డొరాడో 2008లో మ్యాపు నిర్ణయం చేసినప్పుడు మెడోల గుండా పోయే 40కి పైగా దారులను తెరిచి ఉంచింది. పర్యావరణ సంఘాలు కోర్టుకెళ్లాయి. నీ సొంత ప్రణాళికలోని మెడోల నిబంధనకు ఇవి సరిపోతాయని నువ్వు చూపించలేదని 2011లో కోర్టు తప్పుపట్టింది. జీపు గ్రూపుల్లో దీన్ని "పర్యావరణవాదుల కుట్ర" అంటారు. నేను చాళ్లు చూసినవాణ్ని, అనలేను.

జంతువుల సంగతీ అంతే. ఓరెగాన్‌లో స్టార్కీ అనే ప్రయోగ అడవి ఉంది, చుట్టూ కంచె. అక్కడ ఎల్క్ దుప్పులకు రేడియో కాలర్లు కట్టి, ఏటీవీ (నాలుగు చక్రాల చిన్న ఆఫ్‌రోడ్ బండి), మౌంటెన్ బైకు, గుర్రం, నడక, ఒక్కోటి విడిగా పెట్టి చూశారు. ఎల్క్ అన్నింటికీ తప్పుకున్నాయి, ఏటీవీకి అందరికంటే ఎక్కువ. ఇందులో ఆవిడకు నచ్చని ముక్క కూడా ఉంది. ఏటీవీ తర్వాతి స్థానం మౌంటెన్ బైకుది, నడిచేవాళ్లు కూడా సున్నా కాదు. బండి లేకపోతే చాలు అడవికి మనమేం చేయనట్టే అనుకోవడానికి వీల్లేదు.

మరి మనవైపు న్యాయం లేదా? ఉంది, గట్టిగానే ఉంది. మా నాన్నగారు డెబ్భై నాలుగేళ్ల వయసులో ఇక్కడికొచ్చారు, రెండు మోకాళ్లూ అరిగిపోయాయి. పికప్‌లో ఒక పాత కలప దారి మీదుగా గ్రానైట్ గుట్ట పైకి తీసుకెళ్లాను. అక్కడి నుంచి డెసొలేషన్ శిఖరాలు కనపడతాయి. బండి దిగి ఇరవై అడుగులు నడిచారు, గంటసేపు కూర్చున్నారు. ఆ దారి లేకపోతే ఆయనకా చోటు లేదు. నడవగలిగేవాళ్లకి డెసొలేషన్ వైల్డర్‌నెస్‌లో దాదాపు 64,000 ఎకరాలున్నాయి. 1964 చట్టం ప్రకారం అక్కడ బండి కాదు కదా సైకిలు కూడా తొక్కకూడదు. అలా ఉండటం నాకిష్టమే, బండి చప్పుడు వినపడని చోటు నాకూ కావాలి. కానీ మిగతా అడవి కూడా అలాగే కావాలనడం అత్యాశ.

రెండో న్యాయం ఇంకా బలమైంది, మనవాళ్లు సరిగా చెప్పరు. ఫారెస్ట్ సర్వీస్ చేతిలో దాదాపు 3,70,000 మైళ్ల రోడ్లున్నాయి. దేశంలోని ఇంటర్‌స్టేట్ హైవేలన్నీ కలిపినా 50,000 మైళ్లు లేవు. వీటిలో ఎక్కువ భాగం కలప లారీల కోసం వేసినవి. కలప అమ్మకాలు తగ్గాయి, బాగుచేసే డబ్బు పోయింది. చేతిలో డబ్బు లేని ఆఫీసుకు దారి మరమ్మతు కంటే మూసివేతే తేలిక. ఒక కల్వర్టు మారిస్తే సరిపోయే చోట దారి మొత్తం మ్యాపులోంచి ఎగిరిపోవడం నేను చూశాను. ఆ దారి మీద ఆ ఏడాది ఎవరూ అడుగు పెట్టలేదు, తెర మీద గీతలు చూసి తేల్చేశారు. మన అసలు ఫిర్యాదు ఇదీ. "స్వేచ్ఛ", "మా పన్నులు" లాంటి మాటల్లో ఇది మునిగిపోతుంది.

కావాలంటే రూబికాన్ జీపు దారి చూడండి, మీకు గంటన్నర దూరం. 1953 నుంచి జార్జ్‌టౌన్ జనం జీపర్స్ జంబోరీ నడుపుతున్నారు, మీ బండిలో రూబికాన్ మోడల్ పేరు అక్కడిదే. 2004లో ఆ దారిలో స్పైడర్ లేక్ దగ్గర మనుషుల మలం పేరుకుపోయి కౌంటీ (ఇక్కడి జిల్లా పాలన) ఆ చోటు మూసేయాల్సి వచ్చింది. రాయడానికి ఇబ్బందిగా ఉంది కానీ జరిగింది అదే, మూయించింది చెట్లూ కాదు, దుప్పులూ కాదు. 2009లో సెంట్రల్ వ్యాలీ నీటి నాణ్యత బోర్డు కౌంటీకి, ఫారెస్ట్ సర్వీస్‌కి కలిపి శుద్ధి ఉత్తర్వు ఇచ్చింది. మట్టి కొట్టుకుపోయి వాగుల్లో పడుతోంది, ఇంజన్ ఆయిల్ కారుతోంది, మలం సమస్య అలాగే ఉంది, వీటికి ప్రణాళిక చూపించమంది. రూబికాన్ పని అయిపోయిందని అప్పట్లో అందరం అనుకున్నాం. అయిపోలేదు. మరుగుదొడ్లు, వంతెనలు వచ్చాయి. ఆయిల్ పీల్చే గుడ్డల కిట్, మలం సంచి ప్రతి బండిలో ఉండాలన్నారు. దారి పొడవునా నీళ్లు పక్కకు తప్పించే పని జరిగింది.

ఆ పని నేను చేశాను కాబట్టి చెప్తున్నా. వాలు దారి మీద నీళ్లు చక్రాల జాడ పట్టుకుని పరిగెడతాయి. ఎంత దూరం పరిగెడితే అంత కోస్తాయి. అందుకని కొన్ని గజాలకొకసారి దారికి అడ్డంగా, కాస్త ఏటవాలుగా పల్లం తీసి, ఆ మట్టినే కిందవైపు మిట్టగా వేసి దిమ్మిస కొడతాం. రోలింగ్ డిప్ అంటారు. బండి మీద వెళ్లేవాడికి చిన్న ఊపు, అంతే. నీళ్లు మాత్రం అక్కడ ఆగి పక్కనున్న రాళ్లలోకి పోతాయి, తెచ్చిన మట్టి అక్కడే దిగబడుతుంది. మా ఊళ్లో చేలో నీటికి మాటు వేసే రైతు ఎవరైనా ఐదు నిమిషాల్లో పట్టేస్తాడు దీన్ని. పొద్దున్నుంచి నలుగురం కలిసి మూడు తీశాం, మర్నాడు నడుము వంగలేదు.

దీనికి డబ్బెక్కడిదంటే, కాలిఫోర్నియాలో 1971 నుంచి ఉన్న గ్రీన్ స్టిక్కర్ నిధి. ఆఫ్‌రోడ్ బండ్ల రిజిస్ట్రేషన్ రుసుము, పెట్రోలు పన్నులో కొంత వాటా అందులోకి వెళ్లి గ్రాంట్లుగా వస్తాయి, దారి పనికీ, పాడైన చోట్లు బాగుచేయడానికీ, రేంజర్ల జీతానికీ. మీ ఆఫీసు ఆవిడకు ఇది తెలిసి ఉండదు, చెప్పండి.

ఇక కామెంట్. మ్యాపు మార్చే ప్రతిపాదన వచ్చినప్పుడు ఫారెస్టు ప్రజాభిప్రాయం అడుగుతుంది. ఇది ఓటింగ్ కాదు. ఒకే నమూనా లేఖ పదివేల మంది పంపినా దాన్ని ఒకే అభిప్రాయంగా కట్టకట్టి ఒకే జవాబు రాస్తారు. మీ పిటిషన్ గతీ అదే. పనికొచ్చే కామెంట్ ఎలా ఉంటుందంటే: ఫలానా నంబరు దారి, ఫలానా వాగు దాటే చోట, ఏప్రిల్ చివర వెళ్లాను, నీళ్లు ఇంత లోతు, కల్వర్టు మూతి మట్టితో పూడిపోయింది, ఫొటో ఇది, జీపీఎస్ అంకెలు ఇవి. దారి మొత్తం మూసే బదులు ఈ 300 గజాలు రాతినేల మీదకు మళ్లిస్తే మెడో తప్పుతుంది, పని దినాలకు మా బృందం వస్తుంది. ఇలాంటి లేఖను ఆ కట్టలో కలిపేయడం కష్టం. నేను రాసిన తొమ్మిదింటిలో రెండు చోట్ల మళ్లింపు ఒప్పుకున్నారు. మిగతా ఏడు పోయాయి, అందులో మూడు పోవడమే మంచిది.

నిక్సన్ ఉత్తర్వులోని ఆ "తగ్గించేలా" అన్న మాటను తక్కువ అంచనా వేయకండి. 2015లో తొమ్మిదో సర్క్యూట్ అప్పీళ్ల కోర్టు, మోంటానాలోని బీవర్‌హెడ్-డీర్‌లాడ్జ్ ఫారెస్టు స్నోమొబైల్ (మంచు మీద నడిపే బండి) కేసులో, ఆ ప్రమాణాలను "ఆలోచించాం" అంటే చాలదు, ఎలా వర్తింపజేశారో చూపించాలని తేల్చింది. మీరు అడిగే దారికి ఆ ప్రమాణాలు ఎలా నెరవేరతాయో మీరే రాసిపెడితే ఆఫీసర్ కలానికి పని తగ్గుతుంది, దారి నిలిచే అవకాశం పెరుగుతుంది. ఇంకోటి, చాలా నిర్ణయాల్లో మొదట్లో కామెంట్ రాసినవాళ్లకే తర్వాత అభ్యంతరం చెప్పే హక్కుంటుంది. గడువు నోటీసులోనే ఉంటుంది, అది దాటాక ఎంత అరిచినా ఎవరూ వినరు. ఈ విచారణ నిబంధనలు 2025లో మారాయి కాబట్టి పాత పోస్టుల్లో రోజుల లెక్కలు నమ్మకండి, ఆ నోటీసునే చదవండి.

గ్రూపులో తిరుగుతున్న రెండు మాటలకు జవాబు చెప్పి ముగిస్తా. ఒకటి, "పాత బండి దారి కాబట్టి దాన్ని మూసే హక్కు వాళ్లకి లేదు" అనేది. 1866 గనుల చట్టంలో ఒక క్లాజు ప్రకారం ప్రభుత్వ భూమి మీద పడ్డ దారులకు హక్కు వచ్చేది. 1976లో దాన్ని రద్దు చేశారు, అప్పటికే ఉన్న హక్కులు మిగిలాయి. మన పుంత హక్కు లాంటిదే. కానీ ఆ నేల ఫారెస్టుగా ప్రకటించక ముందే దారి ఉందని రుజువు కావాలి, ఆ పోరాటం సాధారణంగా కౌంటీ చేయాలి. మీరు గేటు దగ్గర రేంజర్‌తో వాదించి సాధించేది కాదు. రెండోది, "రోడ్‌లెస్ రూల్ ఎత్తేస్తున్నారు, ఇక అన్నీ తెరుస్తారు" అన్నది. ఆ నిబంధన 2001లో వచ్చినప్పుడు 5 కోట్ల 85 లక్షల ఎకరాల్లో కొత్త రోడ్లు వేయడాన్నీ, చాలావరకు కలప నరకడాన్నీ ఆపింది. రద్దు చేస్తామని వ్యవసాయ శాఖ కార్యదర్శి బ్రూక్ రోలిన్స్ 2025 జూన్‌లో ప్రకటించారు. రద్దయినంత మాత్రాన మీ ఎదుట ఉన్న గేటు తెరుచుకోదు, అది మ్యాపు విషయం. రోడ్‌లెస్ నేలలో బండి ట్రైళ్లు ఇప్పటికే కొన్ని ఉన్నాయి కూడా.

మళ్లీ వెళ్లినప్పుడు గేటు పక్కన గోధుమరంగు పట్టీ మీద అంకెలు చూడండి. నిలువుగా రాసి ఉంటే నేలకు ఎత్తుగా ఉండే బండ్ల దారి, అడ్డంగా ఉంటే మామూలు కార్లు కూడా పోయేది. ఆ నంబరు ఫొటో తీసి, ఏ తేదీన చూశారో కలిపి ఇక్కడ పెట్టండి. నా దగ్గర 2008 నుంచి అచ్చయిన మ్యాపులు చాలావరకు ఉన్నాయి, ఆ గీత ఏ ఏడాది మాయమైందో చూసి చెప్తాను.